ఎడమ చివరి మీట

మేడమీద గది,
సోమవారం

అక్కా,

పెట్టె తెరిచావుగా, ముందు ఈ కాగితం చదువు. లోపలున్నదాన్ని తర్వాత ముట్టుకుందువుగాని.

పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు చెప్పిన సంగతి నా బుర్రలోంచి పోవడం లేదు. డాక్టర్లు మాట్లాడి పంపే రికార్డింగులు విని మీరంతా రిపోర్టులు టైపు చేసే ఆ ఆసుపత్రి గదిలో, పాత లావుపాటి కీబోర్డులన్నీ తీసేసి కొత్తగా పల్చటివి పెట్టారన్నావు. అప్పట్నుంచే నీ రిపోర్టుల్లో అంకెలు ఎగిరిపోతున్నాయన్నావు. పదిహేను మిల్లీగ్రాములని డాక్టరు చెబితే నీ కాగితంలో అయిదని పడిందట. దిద్దుబాటావిడ పట్టుకోబట్టి రోగి దాకా వెళ్లలేదట. ఇలాంటివి ఇంకా జరిగితే నిన్ను ఆ సీట్లోంచి లేపేస్తానని మీ మేడమ్ అందట. ఇదంతా నవ్వుతూ చెప్పావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు వంక పెట్టడానికి లేకుండా పనిచేసిన మనిషికి ఒక్కసారిగా టైపు చెయ్యడం చేతకాకుండా పోతుందా? అమ్మినవాణ్ణి అడగరు, కొన్నవాణ్ణి అడగరు. వస్తువు చెడితే నేరం మాత్రం పనిచేసే చేతుల మీద పడుతుంది. ఎప్పుడూ ఇంతే.

అందుకని నేనో పని చేశాను. మా పత్రిక సంగతి తెలుసుగా, వస్తువులు కొనుక్కునేవాళ్ల కోసం పెద్దాయన నడిపే నెలపత్రిక. ప్రకటనలు వేసుకోం కాబట్టి ఎవరికీ భయపడం. (ఎవరూ చదవరు కాబట్టి భయపడరని బావ అంటాడు, నేనిలా రాశానని బావకి చెప్పకు.) మీ గదిలో పెట్టినవాటిలాంటి కీబోర్డే ఒకటి పరీక్షకి పంపమని కంపెనీకి రాయించాను. పంపారు. ఈ పెట్టెలో ఉన్నది అదే. పని అయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి.

వ్యాసం పేరు ముందే ఖాయమైంది, 'రోజువారీ పనికీ, ఆటలకీ'. "నీకు ఆటలున్నాయి గానీ రోజువారీ పని అంటూ ఏదీ, ఆ సగం ఎవరు రాస్తారు?" అన్నాడు పెద్దాయన. నువ్వు రాస్తావన్నాను. ఇంట్లో దీని మీద ఒక వారం టైపు చెయ్యి. ఎలా ఉందో, ఏం పడుతోందో, ఏం పోతోందో కాగితం మీద రాసి పెట్టెలో పెట్టి నాకు పంపు. తర్వాత నేను ఆడి చూస్తాను. ఫోన్ చెయ్యకు. ఫలితాలు కాగితం మీదే ఉండాలన్నది పెద్దాయన నియమం. పైగా ఫోన్లో మనం మాట్లాడుకుంటే మిగిలేది కొట్లాటే.

ఒక్క అంకె పోయినట్టు తేలనీ అక్కా, ఆ పత్రిక తీసుకెళ్లి మీ మేడమ్ బల్ల మీద పరుస్తాను. నీ సీటు ఎవడు తీస్తాడో చూస్తాను.

నీ తమ్ముడు


వంటింటి బల్ల,
మంగళవారం

ఒరేయ్ అగ్గిపుల్లా,

నువ్వేమీ పరవక్కర్లేదు. మా మేడమ్ బల్ల మీద ఇప్పటికే చోటు లేదు.

నీ కీబోర్డు వారం రోజులు వాడాను. ఆఫీసు రికార్డింగులు ఇంటికి తేకూడదు కదా, అందుకని మీ బావని కూర్చోబెట్టి మందుల డబ్బాల వెనక ఉన్నదంతా చదివించాను. వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకుని మరీ చదివాడు. దగ్గు మందు చదువుతూ మధ్యలో దగ్గాడు కూడా, అదీ టైపు చెయ్యమన్నాడు.

రోజువారీ పని అన్నావుగా, రాసుకో. పల్చగా ఉంది, చూడ్డానికి బాగుంది, బల్ల తుడుచుకునేటప్పుడు ఒంటి చేత్తో ఎత్తి పక్కన పెట్టొచ్చు. పాతదాని మీద చేతులు గాల్లో లేపి కొట్టాలి. దీని మీద అరచేతులు బల్ల మీదే పడుకుంటాయి. మణికట్టుకి హాయి. మీటలు కొంచెం దిగితే చాలు, అక్షరం పడిపోతుంది. చప్పుడు కూడా తక్కువ. మీ బావ పక్కనే కుర్చీలో నిద్రపోయాడంటే చూసుకో. బాగాలేనిది ఏమిటంటే మీటలన్నీ బల్లపరుపుగా ఒకేలా ఉంటాయి, చూడకుండా కొడితే వేలు ఎక్కడుందో తెలీదు. రెండు మీటల మధ్య దిగుతుంది. కింద నుంచి వెలుతురు వస్తుంది, అది ఎందుకో నాకు అర్థం కాలేదు. పగలు కూడా వెలుగుతుంటే పెళ్లివారిల్లులా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిందిరా! ఇక్కడ కూడా పోయింది. అంకెల వరసలో ఎడమ చివర 'ఒకటి' ఉంటుంది చూడు, అది కొన్నిచోట్ల పడింది, కొన్నిచోట్ల పడలేదు. దాని కింద మీట కూడా అప్పుడప్పుడు పడలేదు. కాగితాలు పెట్టాను, పోయినచోట పెన్సిలుతో సున్నా చుట్టాను. అవి చూడగానే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఒక వస్తువు చెడిపోయిందని ఇంత సంతోషం ఎవరికైనా వేస్తుందా? మీ బావ లిఫ్టులు బాగుచేసేవాడు కాబట్టి అన్నాడు, "నొక్కితే పలకని బటన్ లిఫ్టులో ఉంటే జనం నన్ను తంతారు, ఈ కంపెనీవాళ్లకేం, హాయిగా డబ్బాలో పెట్టి అమ్ముతారు" అని.

గట్టిగా రాయి. మర్యాదగా రాయి, కానీ గట్టిగా రాయి.

అక్క


మేడమీద గది,
ఆదివారం

అక్కా,

నాకు పిచ్చెక్కేలా ఉంది.

నీ కాగితాలు చూసి గంతులేశాను. వెంటనే కీబోర్డు తగిలించి ఆటకి కూర్చున్నాను. నా గదిలో ఉంటున్నవాడి సంగతి నీకు చెప్పానుగా, నిద్ర లేస్తే ఆట, ఆట ఆపితే నిద్ర, మేమందరం కుంభకర్ణుడంటాం. వాణ్ణి కూడా కూర్చోబెట్టాను. మేమాడే ఆటలో 'ఒకటి' నొక్కితే చేతిలో ఆయుధం మారుతుంది. అంటే గంటకి ఎన్నిసార్లు నొక్కుతామో లెక్క ఉండదు. పరిగెత్తాలంటే ఎడమ చివర షిఫ్టు మీద చిటికెన వేలు నొక్కి పట్టుకోవాలి. సరిగ్గా నువ్వు సున్నాలు చుట్టిన ప్రాంతమే. కావాలని దాన్ని ఏడిపించాను. వేగంగా కొట్టాను, మెల్లగా కొట్టాను, మొరటుగా కొట్టాను, పిల్లి అడుగులా ముట్టుకున్నాను. ఒక్కసారంటే ఒక్కసారి తప్పలేదు!

నిజం చెప్పాలంటే ఆటకి చాలా బాగుంది. అది రాయడానికి నా చెయ్యి రావడం లేదు. మీట తక్కువ దూరం దిగుతుంది కాబట్టి అవతలివాడికంటే కాస్త ముందుంటాం. బ్లూటూత్ మీద పెడితే దెబ్బ ఆలస్యంగా పడుతోంది, కానీ దాంతో ఇచ్చిన చిన్న రిసీవర్ పెట్టినా, వైరు పెట్టినా ఆ బాధ లేదు. ఒక్కటే ఇబ్బంది, నువ్వన్నదే. మీటలన్నీ చదునుగా ఉండటంతో పక్కదాని మీద వేలు పడి బాంబు నా కాళ్ల దగ్గరే వేసుకున్నాను. కుంభకర్ణుడు ఇంకా నవ్వుతున్నాడు. "నీకు దీని మీద అంత పగ దేనికిరా? బానే ఉందిగా!" అంటాడు. ఒక వస్తువు సరిగ్గా పనిచేస్తుంటే దాని మీద కోపం రావడం నాకిదే మొదటిసారి.

మీ ఇంట్లో చెడింది, మా గదిలో బాగుంది. దారిలో పార్సిల్‌వాడు మంత్రించాడా?

సరే, పద్ధతిగా వెళదాం. ఇందులో ఒక్కో మీట కింద ఒక్కో స్విచ్చు విడిగా ఉంటుంది, చిమ్టాతో పట్టి లాగితే ఊడి వస్తుంది. 'ఒకటి' కింద ఉన్న స్విచ్చు తీసి కుడివైపు 'సున్నా' కింద పెట్టాను, అక్కడిది ఇక్కడ పెట్టాను. స్విచ్చుదే తప్పయితే ఈసారి సున్నాలు పోవాలి. మళ్లీ వారం టైపు చెయ్యి. వైరుతోనే చెయ్యి. వంటింటి బల్ల ఊగుతుందేమో, వేరే బల్ల మీద పెట్టి చూడు. ఇంకో మాట. నేను 'ఒకటి' ఉంగరపు వేలితో నొక్కుతాను. నువ్వు ఏ వేలితో నొక్కుతావో రాయి.

తమ్ముడు


ముందుగది,
శనివారం

తమ్ముడూ,

బల్ల మార్చాను. వైరుతోనే చేశాను. కిటికీ దగ్గర పెట్టి చేశాను, కిటికీకి దూరంగా పెట్టి చేశాను. 'ఒకటి' పోతూనే ఉంది. సున్నా ఒక్కటీ పోలేదు. కాబట్టి నువ్వు మార్చిన స్విచ్చుది కాదు తప్పు, దాని కింద పలకలోనే ఏదో ఉంది. నాకు యంత్రాల సంగతి తెలీదు గానీ ఆ మాత్రం అర్థమవుతుంది.

నీ గదిలో ఎందుకు పోవడం లేదో నన్నడిగితే నేనేం చెప్పను. ఆటలో కొట్టడం వేరు, పనిలో కొట్టడం వేరు అని రాసుకో.

నిన్న ఆఫీసులో మళ్లీ జరిగింది. ఈసారి వయసు. నలభై ఒకటి ఉండాల్సినచోట ఉత్త నాలుగు పడింది. దిద్దుబాటావిడ నవ్వుతూ తెచ్చి చూపించింది, "నాలుగేళ్ల పాపకి మోకాళ్ల నొప్పులట, చూశావా?" అని. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. మేడమ్ నవ్వలేదు. నెలాఖరు దాకా చూస్తానంది. అదే రకం కీబోర్డులు ఇంతమందికి ఇస్తే నీ ఒక్కదాని దగ్గరే ఎందుకు పోతున్నాయని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. "నా తమ్ముడు పరీక్ష చేస్తున్నాడు మేడమ్, పత్రికలో వస్తుంది" అన్నాను. ఎందుకన్నానో! "వస్తే చూస్తాను, నిజంగా లోపమే అయితే నీకు పాతది ఇప్పిస్తాను" అంది.

ఇక నీ చేతిలోనే ఉందిరా. ఎంతసేపు పరీక్షిస్తావు? నీ వల్ల తేలే సంగతేనా ఇది? రాసెయ్యి.

అక్క


పత్రిక ఆఫీసు,
బుధవారం

అక్కా,

రాసేశాను.

నువ్వు నా మీద విసుక్కుంటూ రాసిన మొదటి ఉత్తరం అది. నేను తిడుతుంటే నువ్వు సముదాయించడం నాకు అలవాటు, తిరగబడతావనుకోలేదు. తర్వాత కోపమొచ్చింది. కోపమొస్తే నాకు చెయ్యి బాగా సాగుతుంది. మొదటి పేరా ఇది:

'ఒక అంకె ఎగిరిపోతే ఆటగాడికి పోయేది ఆట. రోగికి పోయేది ప్రాణం. పల్చదనాన్నీ, మెరుపునీ అమ్ముకునే ఈ కంపెనీ, ఎడమ చివరి మీట పలుకుతుందో లేదో చూసుకోకుండా దీన్ని ఉద్యోగుల బల్లల మీదకి తోసింది. తప్పు జరిగిన ప్రతిచోటా దోషిగా నిలబడుతున్నది పనిచేసే మనిషి.'

ఇంకా ఉంది, అది చదివితే బావ కూడా దగ్గడం ఆపేస్తాడు. 'కీ' అని రాసిన ప్రతిచోటా పెద్దాయన కొట్టేసి 'మీట' అని పెట్టాడు. ఆయన పెట్టిన దిద్దుబాటు అదొక్కటే. చదివాక కళ్లజోడు తీసి, "గట్టిగా ఉంది" అన్నాడు. నేను పొంగిపోయేలోపే, "నీ చేతిలో పోలేదు, మీ అక్క చేతిలో పోయింది. మూడో మనిషి చేతిలో ఏమైంది?" అన్నాడు. మూడో మనిషి లేడన్నాను. "తెచ్చుకో. అచ్చుకి వెళ్లడానికి ఇంకా సమయముంది" అన్నాడు.

బయటికొచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల ఎక్కడో నాకూ ఆ అనుమానం ఉంది గానీ అది దేని మీదో నాకే తెలీడం లేదు. కంపెనీ మీదా? నా మీదా? బల్ల మీదా?

కీబోర్డు మళ్లీ పంపుతున్నాను. ఈసారి బావ చేత టైపు చేయించు. లిఫ్టు బటన్లు నొక్కే చేతులే కదా, గట్టివే. ఒక్క పూట చాలు. రెండు మందుల డబ్బాలు చాలు. ఆయన చేతిలో కూడా ఒక్క అంకె పోయిందంటే ఇక పెద్దాయన కూడా నోరెత్తలేడు. వ్యాసం ప్రతి కూడా పెడుతున్నాను, చదువు.

ఏ వేలితో నొక్కుతావని అడిగాను, నువ్వు చెప్పలేదు. మర్చిపోయావేమో.

తమ్ముడు


ముందుగది,
సోమవారం

తమ్ముడూ,

మర్చిపోలేదురా.

నిన్న మీ బావ టైపు చేశాడు. ఈసారి నేను చదివాను. రెండు చూపుడువేళ్లతో, కోడి గింజలు ఏరుకున్నట్టు, ఒక్కో మీట వెతుక్కుని పొడిచాడు. ఒక డబ్బా అయ్యేసరికి చెమట పట్టింది పాపం. అంకెలన్నీ పడ్డాయి. ఒక్క 'ఒకటి' కూడా పోలేదు. అక్షరాలు తప్పులతడకే, కానీ అంకెలు మాత్రం వరసగా నిలబడ్డాయి. "చూశావా, నన్ను తీసుకోమను మీ ఆఫీసులో" అన్నాడు. నవ్వుతూ నా మొహం చూశాడు. తర్వాత నవ్వలేదు.

చిటికెన వేలితో నొక్కుతాను. ఎడమ చిటికెన వేలితో. టైపు నేర్చుకున్నవాళ్లంతా అంతే. ఆ వేలికి కొన్నాళ్లుగా తిమ్మిరి. పక్క వేలికి కూడా సగం దాకా. నీళ్లు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో ఆ సగానికి సరిగా తెలీదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతోంది. చెయ్యి మీద పడుకున్నానేమో అనుకున్నాను. పొద్దున్న పోతుందిలే అనుకున్నాను.

నేను అబద్ధం చెప్పానా లేదా అన్నది నాకే తెలీడం లేదు. నన్ను నమ్ము. 'ఒకటి' నొక్కినప్పుడు నొక్కినట్టే ఉంటుంది. వేలు దిగినట్టే ఉంటుంది. తెర మీద చూస్తే లేదు. మరి ఎవరిది తప్పనుకుంటాను? మీటదే అనుకున్నాను. పాతది ఎత్తుగా ఉండేది, చెయ్యి ఎత్తి కొడితే చెయ్యి బరువంతా దిగేది, దాంతోపాటు ఆ వేలూ దిగేది. అది మొద్దుబారిన సంగతి బయటపడలేదు. ఈ పల్చటిదాని మీద అరచెయ్యి పడుకుంటుంది, వేలొక్కటే తనంతట తాను కదలాలి. కదలడం లేదు. మణికట్టుకి హాయి అని రాశానే, ఆ హాయిలోనే పట్టుబడ్డాను.

నువ్వు ఏ వేలని అడిగిన చోటు రెండుసార్లూ దాటేసి చదివాను. చెబితే నీకు అర్థమైపోతుందని కాదు, నాకు అర్థమైపోతుందని. కీబోర్డే చెడిపోవాలని ఎంత కోరుకున్నానో! నీ వ్యాసం చదివాను. మూడుసార్లు చదివాను. ఎవరో కంపెనీలో స్విచ్చులు బిగించే మనిషి ఉంటుందిగా, ఆమె కూడా చిటికెన వేళ్లున్న మనిషేగా. దోషిగా నిలబెట్టేది ఆమెనే కదా?

నాకేం చెయ్యాలో తెలీడం లేదు. నువ్వు మాత్రం మేడమ్ దగ్గరికి పరిగెత్తుకుని రాకు.

అక్క


మేడమీద గది,
గురువారం

అక్కా,

ఈ ఉత్తరం ఇంతకుముందు చాలాసార్లు రాసి చించాను.

ఒకదాంట్లో నిన్ను తిట్టాను, ఇన్నాళ్లూ డాక్టరుకి చూపించుకోకుండా ఏం చేస్తున్నావని. పనిచేసేది ఆసుపత్రిలో, పగలంతా చెవుల్లో డాక్టర్లే! ఇంకోదాంట్లో మీ ఆఫీసుని తిట్టాను. ఇంకోదాంట్లో బావని. ఆయనేం చేశాడో తెలీదు గానీ తిట్టాను. కుంభకర్ణుడు మంచం మీంచి చూసి, "అద్దంలో నిన్ను నువ్వు కూడా తిట్టుకుని పడుకో, నాకు నిద్రొస్తోంది" అన్నాడు.

నాకు ఏదీ అర్థం కావడం లేదు. పనిచేసేవాళ్ల హక్కుల మీద నా దగ్గరున్న చిన్న పుస్తకాలూ కరపత్రాలూ అన్నీ తీసి చూశాను. వాటిలో ప్రతిచోటా ఒక దొంగ ఉంటాడు. వాడి గొంతు పట్టుకుంటే సగం పని అయినట్టే. ఇక్కడ గొంతెక్కడుంది? కీబోర్డు మంచిదే. మీ మేడమ్ అడిగిన ప్రశ్న సరైనదే. పెద్దాయన అనుమానం సరైనదే. నీ చెయ్యి నీది. మరి నేను ఎవరి మీద పడాలి?

సరే, ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. వ్యాసం ఇంకా నా సంచీలోనే ఉంది. బావ టైపు చేసిన సంగతి పెద్దాయనకి తెలీదు. నీ చెయ్యి సంగతి మన ముగ్గురికే తెలుసు. ఒక్క చిన్న మార్పు చేస్తాను, కంపెనీని తిట్టిన వాక్యాలు తీసేస్తాను. ఉత్త మాట మిగులుస్తాను: 'రోజంతా టైపు చేసేవారి చేతిలో ఎడమ చివరి మీట కొన్నిసార్లు పలకలేదు.' ఇందులో అబద్ధమేముంది? పలకలేదుగా! మేడమ్ అది చూస్తుంది, నీకు పాత కీబోర్డు ఇప్పిస్తుంది, నువ్వు చెయ్యెత్తి కొడతావు, అంకెలు పడతాయి, సీటు నిలుస్తుంది. ఈలోపు మెల్లగా చెయ్యి చూపించుకో. ఎవరికీ ఏమీ కాదు. ఆ కంపెనీకి ఒక వాక్యంతో పోయేదేమీ లేదు, మా పత్రిక ఎంతమంది చదువుతారో నీకు తెలుసు.

ఇది రాస్తుంటే నా మొహం నాకే వేడెక్కుతోంది. అయినా రాస్తున్నాను. నిజం కోసం తలుపులు పగలగొడతానని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి నేనే. ఆ తలుపు వెనక నువ్వు నిలబడి ఉంటావని నాకెవరూ చెప్పలేదు.

సరే అని ఒక్క ముక్క రాయి, చాలు.

తమ్ముడు


వంటింటి బల్ల,
మంగళవారం

ఒరేయ్,

వద్దు.

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా 'సరే' అనే అనుకున్నాను. దాచను. కాగితం కూడా తీశాను. అప్పుడు ఆలోచన వచ్చింది. పాత కీబోర్డు మీద ఆ వేలు ఎన్నాళ్లు దిగుతుంది? ఒకరోజు దాని మీద కూడా దిగదు. అప్పటికి నా అంకెలు ఎవరూ రెండోసారి చూడరు, ఎందుకంటే తప్పు కీబోర్డుదని పత్రికలోనే వచ్చేసింది. దిద్దుబాటావిడ ఆ రోజు సెలవులో ఉంటుంది. అవతల ఎవరో మనిషి మందు మింగుతాడు. నీ వాక్యంలో అబద్ధం లేదురా, నిజమే. అందుకే నాకు భయమేసింది.

నిన్న మేడమ్ గదిలోకి వెళ్లి చెప్పేశాను. చెయ్యి బల్ల మీద పెట్టి చూపించాను. అరుస్తుందని అనుకుని వెళ్లాను. అరిస్తే తిరిగి ఏమనాలో కూడా తయారు చేసుకున్నాను, నీ అక్కనే కదా. ఆమె కుర్చీ లాగి కూర్చోమంది. "ఎప్పట్నుంచి?" అంది. చెప్పాను. పెన్ను మూతతో నా చిటికెన వేలి మీద నెమ్మదిగా గీసింది, "తెలుస్తోందా?" అంది. "లేదు మేడమ్" అన్నాను. ఆమె పెన్నుకి మూత పెట్టేసింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

సీటు పోయింది. పక్క సీటు అమ్మాయి అందులో కూర్చుంది, నా కుర్చీ ఎత్తు తగ్గించుకుంది. నన్ను దిద్దుబాటావిడ పక్కన కూర్చోబెట్టారు. చెవులతో వింటాను, కళ్లతో కాగితం చూస్తాను, పెన్సిలుతో గీస్తాను. ఇది ఎన్నాళ్లో తెలీదు. నరాల డాక్టరు ఏమంటారో చూసి మాట్లాడదామంది మేడమ్. డాక్టరు ఏమన్నా సరే, ఇంకో చోటు దొరుకుతుందని మాట మాత్రం ఇవ్వలేదు. ఇవ్వనందుకు నాకు ఆమె మీద కోపం రావడం లేదు. అది నాకు కొత్తగా ఉంది. వినేటప్పుడు మోచెయ్యి బల్లకి ఆనించి కూర్చుంటావా అని మేడమ్ అడిగింది, మోచేతి దగ్గర నరం నలిగితే ఈ వేళ్లే మొద్దుబారతాయట. ఇన్నేళ్లూ అలాగే కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అలా కూర్చుంటేనే బాగా వినపడేది నాకు.

వచ్చే వారం శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీ బావకి ఆ రోజు ఏదో భవనంలో లిఫ్టు బాగుచేసే పని ఉందట, సెలవు దొరకదు. నేను ఒక్కదాన్నే వెళ్లగలను. వెళ్లగలను గానీ, ఏమో.

కీబోర్డు జాగ్రత్తగా చుట్టి పంపుతున్నాను. పాపం, దాని మీద చాలా నిందలు వేశాం.

అక్క


పత్రిక ఆఫీసు,
బుధవారం

అక్కా,

ఈ ఉత్తరం పెట్టెలో రాదు. కీబోర్డు కంపెనీకి వెళ్లిపోయింది. ఈ కాగితం నీ చేతికి అందేలోపు నేనే మీ ఇంట్లో ఉండొచ్చు. అయినా నోటితో చెబితే మధ్యలో అరుస్తాను, అందుకే రాస్తున్నాను.

పెద్దాయన ముందు వ్యాసం పెట్టి, ఇది వెయ్యకండి అన్నాను. "లోపం లేదా?" అన్నాడు. ఉందన్నాను. "ఎక్కడ?" అన్నాడు. కీబోర్డులో కాదన్నాను. "మరి ఎక్కడ?" అన్నాడు. వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నాకు అదీ నచ్చలేదు. అడిగితే బాగుండేది, మీద పడేవాణ్ణి.

తర్వాత కూర్చుని కొత్తగా రాశాను. ఆటల సగం తేలిగ్గా వచ్చింది. వేగంగా ఉంది, చెయ్యి అలవాటయ్యేదాకా పక్క మీట మీద వేలు పడుతుంది, బ్లూటూత్ మీద ఆడకండి. రోజువారీ పని దగ్గర ఆగిపోయాను. మంచిదని రాస్తే నీ చెయ్యి గుర్తొస్తుంది, చెడ్డదని రాస్తే ఆ కంపెనీలో స్విచ్చులు బిగించే ఆమె గుర్తొస్తుంది. ఎంత కొట్టేసినా చివరికి మిగిలింది ఇదే: 'ఇది తేలికైన వేళ్లకి తగినది. చెయ్యి బరువుతో టైపు చెయ్యడం అలవాటైనవారు కొనేముందు కొన్నాళ్లు వాడి చూడండి. మీటలు పలక్కపోతే మీటలతోపాటు మీ వేళ్లని కూడా ఒకసారి చూపించుకోండి.' పెద్దాయన చదివి, "ఇది కీబోర్డు గురించేనా?" అన్నాడు. అవునో కాదో నాకు తెలీదన్నాను. అచ్చుకి పంపేశాడు.

రేపు పొద్దున్న బస్సెక్కుతున్నాను. శుక్రవారం నీతో డాక్టరు దగ్గరికి నేనొస్తాను. లోపలికి రమ్మంటే వస్తాను, బయట కూర్చోమంటే బయట కూర్చుంటాను. నోరు తెరవనని ఒట్టేసి చెప్పలేను గానీ, తెరిచేముందు నీ మొహం చూస్తాను. ఎవరి మీద అరవాలో నాకింకా తేలలేదు. తేలేదాకా నీ సంచీ పట్టుకుంటాను.

తమ్ముడు